రామెన్ గిన్నెలో ఎండు నెత్తళ్ళు

నేను ప్రవాసం అంటే మా చుట్టాలు నవ్వుతారు. మా పుట్టిల్లు ఇచ్ఛాపురం. మేముండేది ఒడిశాలోని బరంపురం. ఇక్కడ రైలెక్కితే అరగంటలో అక్కడ దిగిపోవచ్చు. అమ్మ కట్టిచ్చిన కూర ఇల్లు చేరేసరికి ఇంకా వేడిగానే ఉంటుంది. కానీ ఆ అరగంటలోనే బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి, బడి మారిపోతుంది, పక్కింటావిడతో పోట్లాడాల్సిన భాష కూడా మారిపోతుంది. అత్తగారివాళ్ళు తరాలుగా ఇక్కడివాళ్ళే. 1936లో ఒడిశా ఏర్పడక ముందు ఇది మద్రాసు ప్రెసిడెన్సీ అని చెబితే, "మద్రాసు అంత దూరంలో ఉంటే ఇదెలా మద్రాసు?" అంటాడు మా చిన్నాడు.

వాడు మూడో తరగతి, అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో ఒడియా, హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లోనే, అదీ మాట్లాడటం వరకే. ఏటా ఆగస్టు 29 వచ్చేసరికి నాకు పూనకం వస్తుంది. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు కదా. వాడుక భాష కోసం పోట్లాడిన ఆ పెద్దాయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలోనే, గజపతి జిల్లాలో ఉంది. ఆ వంకన గుణింతాల పుస్తకం బయటికి తీస్తాను. 'క'తో మొదలైన పాఠం 'కౌ' చేరేలోపు ఏడుపులోకి దిగుతుంది. ఎవరి ఏడుపన్నది ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది.

అలాంటి అమ్మాయి జపాన్ అక్షరాలు నేర్చేసుకుంది. ఎవరూ కూర్చోబెట్టలేదు. ఫోన్లో జపాన్ కార్టూన్లు చూసి చూసి, అక్షరాల పట్టిక ప్రింటు తీయించుకుని బీరువా తలుపుకి అంటించింది. వాటిలో ఎవడో ఒకడు ఎప్పుడూ గిన్నె నోటి దగ్గర పెట్టుకుని నూడుల్స్ లాగుతూ ఉంటాడు. పుట్టినరోజుకి ఏం కావాలే అంటే, బట్టలు వద్దు, ఆ నూడుల్సే, రామెన్ కావాలంది. ఊళ్ళో కొత్తగా రామెన్ హోటలు ఒకటి తెరిచారని స్నేహితురాలు చెప్పిందట.

చిన్న హోటలు. ఆరు బల్లలు, వంటగది గుమ్మానికి అడ్డంగా సగం తెర. తెర మీద తెల్లటి అక్షరాలు. మేం చెప్పులు విడవాలా వద్దా అని తటపటాయిస్తుంటే అమ్మాయి తెర వంక చూసి "రా...మెన్" అని చదివేసింది. "మధ్యలో ఆ అడ్డగీత ఉంది చూడమ్మా, అది దీర్ఘం."

సంతోషించాలి. నాకు కుళ్ళొచ్చింది. తెలుగు దీర్ఘానికి ఎన్నేళ్ళు బతిమాలాను!

గిన్నె మూడు వందల ఇరవై. మా ఆయన మెనూ కార్డుని అటూ ఇటూ తిప్పి నా వైపు చూశారు. పుట్టినరోజు కదా, నేను చూడనట్టు ఊరుకున్నాను. కొంచెం సేపటికి గిన్నెలు వచ్చాయి. తొట్టెల్లాంటి గిన్నెలు. గోధుమరంగు నీళ్ళలో పసుప్పచ్చటి నూడుల్స్, రెండు ముక్కలు చికెన్, నల్లకాగితంలాంటి సముద్రపు నాచు, సగానికి కోసిన గుడ్డు. సోయా సాసులో నానడం వల్ల తెల్లసొన కాఫీరంగుకి తిరిగింది. పచ్చసొన గట్టిపడలేదు, మధ్యలో తేనెలా నిలిచి ఉంది. మా అత్తయ్య చూస్తే "ఉడకలేదు, లోపలికి పంపించెయ్" అనేవారు.

అసలు ఆ నీళ్ళని ఏమనాలన్న దగ్గరే ముగ్గురం మూడు దారులు. ఆయన సూప్ అన్నారు. నేను చారు అన్నాను. చిన్నాడు "ఝోళ బాగుందమ్మా" అన్నాడు. బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర పట్టిన ఒడియా మాట అది. అమ్మాయి మాత్రం ఎవరి మాటా తీసుకోలేదు. షోయు రామెన్ అంటే షోయు రామెనే అంది. సోయా సాసు వేస్తే షోయు, ఉప్పుదైతే షియో, పులియబెట్టిన సోయా ముద్ద కలిపితే మిసో, పంది ఎముకలు గంటల తరబడి కాచి పాలలా చేస్తే టొన్‌కొట్సు. అన్నీ దానికి కంఠతా. అచ్చుల వరస అడిగితే మాత్రం ఇల్లు వదిలి పారిపోతుంది.

"నూడుల్స్‌లో గుడ్డు కలిపారా, ఇంత పచ్చగా ఉన్నాయి?" అన్నాను.

గుడ్డు కాదట, క్షారమట. పిండిలో క్షారం కలిపిన నీళ్ళు పోస్తే ఆ రంగు, ఆ సాగుడు వస్తాయట. అప్పడాలకి పేరుమోసిన ఊళ్ళో కూర్చుని ఆ మాట వింటే నోరు ఊరుకుంటుందా? "మీ మామ్మ అప్పడాల పిండిలో కలిపేదీ అలాంటిదేనే" అన్నాను. అమ్మాయి తల ఊపింది. అక్కడితో ఆపాల్సింది. బీరువా మీద పట్టిక చూసినప్పటి నుంచి నా కడుపులో ఇంకోటి ఉంది. ఆ అక్షరాల వరస క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల నడకే. బౌద్ధ భిక్షువులు సంస్కృత చదువుతో పాటు పట్టుకెళ్ళిన క్రమమే దానికి ఆధారం. అదీ చెప్పేశాను. ఈసారి తల ఊపలేదు.

ఇంతలో వంట చేసిన కుర్రాడే వచ్చి ఎలా ఉందని అడిగాడు. బెంగళూరులో జపాన్ వంటల హోటల్లో పనిచేసి సొంతూరు తిరిగొచ్చాడట. బరంపురం కుర్రాడు కాబట్టి మమ్మల్ని చూడగానే తెలుగులోకి దిగిపోయాడు. చారులో ఏం వేశావు బాబూ అంటే, చికెన్ ఎముకలు, అల్లం, ఉల్లికాడలు అని చెప్పి, గొంతు తగ్గించి, "జపాన్‌లో ఎండబెట్టిన చిన్న చేపలు వేస్తారాంటీ, నిబోషి అంటారు. అవి తెప్పిస్తే ఖరీదు. నేను గోపాల్‌పూర్ శుఖువా వేశాను" అన్నాడు.

శుఖువా అంటే ఎండు చేపలు. చిన్న చేపలంటున్నాడు కదా, మా వైపు ఎండు నెత్తళ్ళే. అవి నేను వేయిస్తే అమ్మాయి గది తలుపేసుకుని, గుమ్మం కింద తువ్వాలు కుక్కుతుంది. ఇప్పుడు దాని గిన్నెలో సగం లేదు.

"చూశావా, నెత్తళ్ళు! ఇదీ మనదే..."

"అమ్మా! ప్రతిదీ మనదే అనకు."

గట్టిగానే అంది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంట్లో ఏది చూసినా మన తెలుగు అంటావు. బడిలో ఏది చూసినా మన ఒడియా అంటారు. చద్దన్నం అనకపోతే మీకు కోపం, దాన్నే పఖాళ అనకపోతే వాళ్ళకి కోపం. ఇదొక్కటి ఎవరిదీ కాదు కదా అనుకున్నాను."

ఆయన గిన్నెలోకి చూస్తూ ఉండిపోయారు. నేనేదో అనబోయాను. రామెన్ కూడా జపాన్ సొంతం కాదు, చైనావాళ్ళతో వచ్చిందే అని అంతకుముందు అదే చెప్పింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. పాపం, దాని పుట్టినరోజు.

గుణింతాలు మానలేదు, అబద్ధమెందుకు. కానీ ఆ బీరువా పట్టిక జోలికి వెళ్ళడం మానేశాను. దాని ముందు నిలబడి "ఇది మన 'త' లాగే" అనడం లేదు. నాకిది తేలికగా ఏం లేదు, చెయ్యి దురద పెడుతూనే ఉంటుంది.

ఆ రాత్రి అత్తయ్య చారు పెట్టారు. చిన్నాడు కంచం ఎత్తి అంచు నోటికి ఆనించి, వీధిలోకి వినపడేలా సుర్రుమని జుర్రాడు. తినేటప్పుడు చప్పుడు చెయ్యకురా అని వాడికి మూడేళ్ళ నుంచి చెబుతున్నాను. కసిరేలోపే వాడు, "జపాన్‌లో ఇదే మర్యాదమ్మా, అక్క చెప్పింది" అన్నాడు.

అత్తయ్య గరిటె పట్టుకుని పకపకా నవ్వారు. "మా నాన్న కూడా అంతేరా. విస్తట్లో చారు దోసిట్లోకి తీసి జుర్రితే పంక్తి అంతా వినపడేది."

అమ్మాయి నా మొహం వంక చూసింది. నేను ఏమీ అనలేదు. మజ్జిగ గిన్నె జరిపాను.

"ఇంకాస్త పొయ్యనా?" అన్నారు అత్తయ్య.

కంచాలు రెండు ముందుకొచ్చాయి.