పొలిమేర దాటొద్దన్న వారంలో

తిరుపతి గంగమ్మ జాతర చాటింపు వినాలనే బయల్దేరాను. తీరా అదే వినలేకపోయాను. మంగళవారం పగటి బండికి తీసుకున్న టికెట్ వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయింది. విజయవాడలో రాత్రి రైలెక్కితే వెంకటగిరి దగ్గర తెల్లారింది. శ్రీకాళహస్తి, ఏర్పేడు, రేణిగుంట దాటి తిరుపతిలో దిగేసరికి బుధవారం ఉదయం ఏడున్నర. గంగమ్మ జాతర చాటింపు అర్ధరాత్రే వేసేశారు. ఆటో దిగుతుంటే వీధి మలుపులో ఇద్దరు పిల్లలు ఒళ్లంతా తెల్లగా సుద్ద పూసుకుని, మెడలో రెల్లకాయల దండలు, చేతిలో వేపమండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకడికి ముక్కు దురద పెడుతోంది కాబోలు, వేపమండతోనే గోక్కుంటున్నాడు. సరే, బైరాగి వేషానికైనా అందాను అనుకున్నాను.

మా పెద్దమ్మ ఇల్లు తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచేంత దూరం. అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"యాడుండావే ఇంతసేపూ? చాటింపేసేసినారు. ఇంక విశ్వరూపం అయిందాకా పొలిమేర దాటకూడదు."

జాతర ముగింపులో వచ్చే విశ్వరూపం దాకా ఊరు దాటకూడదన్న సంగతి నాకు తెలుసు. తెలిసే మర్చిపోయాను. "రేపు కాళహస్తికి పోవాలి పెద్దమ్మా. ఎల్లుండి దామలచెరువు. మాట ఇచ్చేశాను."

పెద్దమ్మ వక్క నములుతూ కాసేపు ఆలోచించింది. "నువ్వు చాటింపు ఇనలేదు గదా. ఇన్నోళ్లకే ఆ కట్టు. పొద్దుగూకేలోపల ఇంటికొచ్చెయ్, సాలు."

ఈ మినహాయింపు ఎక్కడా ఉండదని నా నమ్మకం. అది పెద్దమ్మ చట్టం. పగటి బండి టికెట్ దొరకనందుకు అప్పుడు మనసులోనే దండం పెట్టుకున్నాను.

పిల్లలకు కథలు రాసేవాళ్ల ఏడాది మామూలు క్యాలెండర్ ప్రకారం నడవదు, బడి క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. వానాకాలం రాసుకోవడానికి. దసరా సెలవుల్లో రాసింది పిల్లలకు చదివి వినిపించి, వాళ్లు ఆవలించిన చోటల్లా కొట్టేయడానికి. నవంబరు 14 దగ్గరపడితే మాకు ఎక్కడలేని గిరాకీ, ఒకే రోజుకు నాలుగు బళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. 15వ తేదీన మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం, దుమ్ములో నిలబడి సంతకాలు. ఇక వేసవి తిరుగుడుకే. ఎండలో ఎక్కడికీ పోకుండా ఇంట్లో కూర్చుని మంచి పుస్తకం రాసిన వేసవి నాకు ఒక్కటీ లేదు.

ఈసారి తిరుగుడు కొత్త పుస్తకం కోసం. జాతరలో మొదటిసారి వేషం కట్టే ఎనిమిదేళ్ల పిల్లవాడి కథ. పెద్దమ్మ చిన్నప్పుడు నాకు చెప్పిన గంగమ్మ కథే అందులో లోపలి కథ. తిరుపతి వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఆడపిల్లల్ని బతకనివ్వని పాలెగాడు ఒకడు. తిరుపతి పక్కనున్న అవిలాలలో దొరికి, కైకాల వాళ్లింట పెరిగిన పిల్ల గంగమ్మ. ఒకరోజు వాడు ఆమె చెయ్యి పట్టుకోబోతే విశ్వరూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం వేసింది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొరగారు వచ్చారనుకుని పాలెగాడు బయటికొచ్చాడు. తల తెగింది.

నా రాతప్రతి అక్కడే ముగిసింది. ఎనిమిదేళ్ల పిల్లల పుస్తకం తల నరకడంతో ముగుస్తుందా అని మా ఎడిటర్ గారు. పిల్లలు అంతకన్నా ఘోరాలు రోజూ ఫోన్లో చూస్తున్నారని నేను. మూడు నెలలుగా ఇదే టెన్షన్. నిజం చెప్పాలంటే ఆయన చెప్పిన కారణం నచ్చకపోయినా, ముగింపు ఎక్కడో గుచ్చుతోందని నాకూ తెలుసు. ఏమిటో తెలియలేదు.

గురువారం బండ వేషం. ఒంటికి కుంకుమ పూసుకుని ఎర్రగా మెరిసిపోతున్న కుర్రాళ్లు వీధి పొడుగునా బూతులు తిడుతూ పోతున్నారు. ఆ రోజు ఎంత తిట్టినా అమ్మవారికి కోపం రాదు. నేను చేతిసంచి భుజానికి తగిలించుకుని బస్టాండుకు నడుస్తుంటే పక్కింటి అబ్బోడు తల్లి ముందే నోరారా ఒక మాట అన్నాడు. తల్లి చెయ్యెత్తింది, రోజు గుర్తొచ్చి దించేసింది. వాడి మొహంలో ఆ ఆనందం నేను ఏ పుస్తకంలోనూ రాయలేను, ఏ ఎడిటరూ వెయ్యడు.

శ్రీకాళహస్తి తిరుపతికి నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. మా పుస్తకానికి బొమ్మలు వేస్తున్నావిడ అక్కడ కలంకారీ పని చేస్తుంది. పేరు వెయ్యొద్దంది, పుస్తకంలో ఎలాగూ ఉంటుంది కదా అంది. కంప్యూటర్లో కలంకారీలాంటి బొమ్మలు వేయించుకోవచ్చు, చవక కూడా. నాకు గుడ్డ మీద వేసిన బొమ్మే కావాలనిపించింది. వేసిన గుడ్డను ఫొటో తీసి పేజీల్లో పెడతాం.

వాళ్లింటి వెనక వసారాలో ఆరేసిన గుడ్డల కింద కూర్చున్నాం. గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలు వెయ్యకపోతే రంగు పాకిపోతుంది. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో మొదటి గీతలు. ఆ తర్వాత వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దారంతో కట్టిన కలం. నలుపు కోసం కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణం అది. వాసన చెప్పను, ఊహించుకోండి. కలం ముంచి గీస్తే మొదట పల్చటి గీత పడింది. చూస్తుండగానే నల్లబడింది. కరక్కాయలో వగరు, కసిమిలో ఇనుము కలిస్తే జరిగే పని అది. నాకు సైన్సు తెలుసు, అయినా ఇంకోసారి గియ్యమని అడిగాను. ఎరుపుకు పటిక రాసి, వేర్లు చెక్కలు వేసి ఉడకబెట్టాలి, తర్వాత పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో ఆ రోజు ఇసుక తప్ప ఏమీ కనిపించలేదు. "ఉతకాలంటే బండి మాట్లాడుకొని నీళ్లుండే తావుకు పోవాలక్కా" అంది. బొమ్మల ఖర్చులో ఆ బండి బాడుగ కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

దొర వేషం బొమ్మ చూపించింది. మధ్యలో గంగమ్మ, ఒక మూల మీసాల పాలెగాడు వంగి తొంగి చూస్తున్నాడు. వాడి వెనక కిటికీలో ఒకావిడ. కళ్లు పెద్దవి, చెయ్యి నోటికి అడ్డం.

"ఈమె ఎవరు?"

"పాలెగాడి పెండ్లాం."

"మన కథలో లేదు కదమ్మా. తీసెయ్యకూడదూ?"

ఆవిడ నవ్వింది. "కసిమితో గీసినాక తీసేదేముందక్కా. ఈ గుడ్డ పక్కనపెట్టి ఇంకోటి ఎయ్యాల."

మళ్లీ వెయ్యమనే చెప్పి వచ్చాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. పొద్దుగూకకముందే తిరుపతి చేరాను.

శుక్రవారం తోటి వేషం, ఒళ్లంతా బొగ్గు. ఆ నల్లటి పిల్లల మధ్యలోంచి నేను పాకాల దారిలో దామలచెరువు పోయాను. వేసవిలో ఈ రోడ్డు మీద ప్రయాణం ముక్కుతోనే చెయ్యాలి. మామిడి మండీ దగ్గర బస్సు ఆగితే చాలు, బేనీషా వాసన లోపలికి వచ్చి కూర్చుంటుంది. తోతాపురి ఇంకా చెట్ల మీదే ఉంది. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేది ఎక్కువగా అదే, జూన్, జూలైల్లో. ఆ రోజుల్లో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ధర పడిపోయిన ఏడు తోటలో కాయ కొయ్యకుండా వదిలేసిన రైతుల్ని కూడా ఇదే దారిలో చూశాను.

నేను వెళ్లింది ఊరి బయట ఒక తోటకు. నిజానికి ముందు ఒక గ్రంథాలయంలో కథలు చెప్పాల్సి ఉంది. పోయి చూస్తే తాళం. పిలిచినాయన ఫోన్ ఎత్తలేదు. ఎండలో నిలబడి ఉంటే ఎదురింటి పెద్దాయన "మా తోటలో సెప్పుకోండి మేడమ్, పిలకాయల్ని నేను అరిస్తే వస్తారు" అన్నాడు. నిజంగానే అరిచాడు. నిజంగానే వచ్చారు, ఇరవై మంది దాకా. నలుగురికి ఒంటిమీద బొగ్గు ఉంది. తిరుపతిలో వేషం కట్టి అమ్మమ్మ ఇంటికి వచ్చారేమో, పొలిమేర సంగతి నేను అడగలేదు. నేను మాత్రం తక్కువ తిన్నానా!

ఉప్పూ కారం అద్దిన పచ్చి తోతాపురి ముక్కలు నములుతూ కథ విన్నారు. ఆ శబ్దానికి పోటీగా గొంతు పెంచాల్సొచ్చింది. దొర వేషం దగ్గర నమలడం ఆగింది. తల తెగింది. ఇద్దరు చప్పట్లు కొట్టారు. మా ఎడిటర్ గారు ఇక్కడ ఉంటే బాగుండేది అనుకుంటున్నాను, అంతలో చెట్టు మొదట్లో కూర్చున్న ఆరేళ్ల పిల్ల అడిగింది.

"వాని పెండ్లాం ఏమయింది?"

నా దగ్గర జవాబు లేదు. "ఏడ్చి ఉంటుంది" అన్నాను.

"మరి ఎవురు ఊరుకోబెట్టినారు?"

ఇంకో కథ ఎత్తుకుని మాట తప్పించాను. ఆ పిల్ల మాత్రం ఆ రెండో కథ వినలేదు. నాకేసి చూస్తూ టెంక చీకుతూ కూర్చుంది.

రాత్రి రాగి సంగటి, ఊరిమిండి పెట్టుకుని పెద్దమ్మతో ఈ సంగతి చెప్పాను. ఆమె ముద్ద చేతిలో పట్టుకుని నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"మాతంగి ఏషం ఎందుకేస్తారనుకున్యావు? దొర అయినాక రోజు అదే గదా. వాణ్ని సంపినాక వాని పెండ్లాం ఏడస్తా ఉంటే, అమ్మే మాతంగై పోయి ఓదార్సింది. నీకు సిన్నప్పుడే సెప్పినా. తల తెగినాక నిద్దరపోయేదానివి."

అంతే. నలభై ఏళ్లుగా ఈ కథ చివరి ముక్కను నేను నిద్రలో పోగొట్టుకున్నాను. సగం కథ తెలిసినదాన్ని పుస్తకం రాయడానికి కూర్చున్నాను. అప్పటికప్పుడు కాళహస్తికి ఫోన్ చేశాను. "ఆ కిటికీలో ఆమె ఉండనీ. రెండో గుడ్డ మొదలుపెట్టేశావా?"

"లేదక్కా. మీరే మళ్లీ చేస్తారులే అనుకున్యా."

శనివారం దొర వేషం చూశాను కానీ మనసంతా ఆదివారం మీదే ఉంది. మాతంగి రోజున మగవాళ్లు చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, గాజులేసుకుని గుడికి వస్తారు. ముందు రోజు మీసం మెలేసిన మనిషే ఈరోజు కొంగు సర్దుకుంటూ క్యూలో నిలబడ్డాడు. పక్కింటి అబ్బోడికి వాళ్లక్క పరికిణీ కట్టారు. వాడికది పెద్దదైంది, అడుగు వేస్తే కాలికి అడ్డం పడుతోంది. బండ వేషం రోజున ఆ మాట అన్నవాడే, ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడిచాడు. ఓదార్చడానికి పోతున్నవాళ్లు ఇలాగే నడుస్తారు కాబోలు. నా నోట్‌బుక్కులో ఆ రోజు పదకొండు పేజీలు నిండాయి. మిగతా వారం మొత్తానికి నాలుగు.

మంగళవారం జాతర గురించి ఎక్కువ రాయను. అంబలి ముంతలు, పొంగళ్ల పొగ, వెదురుతో గోపురంలా కట్టిన సప్పరాలు తలకెత్తుకున్న జనం, గుడి ముందు ఇసకేస్తే రాలని రద్దీ. నేను రెండుసార్లు చెప్పు పోగొట్టుకుని ఒకసారి వెతుక్కున్నాను. బుధవారం తెల్లవారకముందే విశ్వరూపం. మట్టితో చేసిన ఆ పెద్ద రూపాన్ని చూస్తుండగానే చెంప నరికారు, ఆ మట్టి కోసం జనం ఎగబడ్డారు. పెద్దమ్మకు మట్టి పెళ్ల దొరికింది. ఈ వయసులో ఆ తోపులాటలోకి ఎలా దూరిందో నేను చూడలేదు.

ఇక పుస్తకం కబురు. మాతంగి అధ్యాయం కొత్తగా రాశాను. 48 పేజీలకు, అంటే ప్రెస్సులో పదహారు పేజీలకో ఫారం చొప్పున సరిగ్గా మూడు ఫారాలకు లెక్క వేసుకున్న పుస్తకం ఇప్పుడు 56కు పెరిగింది. అర ఫారం ఎక్కువైతే ధర ఎంత పెంచాలో ప్రచురణకర్త లెక్కలేస్తున్నారు. ఎడిటర్ గారు తల నరికే పేజీ గురించి మళ్లీ అడగలేదు. కొత్త అధ్యాయం చదివి, "ఇప్పుడు ఆ పేజీ ఉండాలి" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టారు. ఆగస్టులో రావాల్సిన పుస్తకం జనవరికి జరిగింది. ఇంకో నాలుగు గుడ్డలు ఉతకాలి, స్వర్ణముఖిలో నీళ్లు రావాలి, లేదంటే బండి బాడుగ. పేరు ఇంకా కుదరలేదు. నేను అనుకున్న రెండు పేర్లూ పెద్దమ్మకు నచ్చలేదు. గంగమ్మ పేరు లేని పుస్తకం గంగమ్మ పుస్తకం ఎట్లవుతుందని ఆమె ప్రశ్న.

ఆవిష్కరణకు విజయవాడ రమ్మని ఆమెనే పిలిచాను. కథ ఆమెది కాబట్టి మొదటి కాపీ ఆమె చేతిలోనే పెట్టాలి.

"జనవరిలోనేనా? కచ్చితంగా?"

"జనవరిలోనే పెద్దమ్మా."

"మళ్లా ఎనక్కి జరిపి మే నెలలో పెట్టుకున్యావంటే నేను రాను సూడు. చాటింపు నేను ఇంటా."