ఆరు ఎంఎం వైరు

"మీ దేశంలో ఎలా చేస్తారో నాకు తెలియదు. ఇక్కడ మాత్రం కొలిచి చేస్తాం."

పోయిన సోమవారం మా వర్క్‌షాపులో సీనియర్ ఎలక్ట్రీషియన్ నాతో అన్న మాట ఇది. కస్టమర్ పక్కనే ఉన్నాడు. వారం దాటినా ఆ మాట చెవిలోంచి పోవడం లేదు.

తప్పు నాదే. అది ముందే ఒప్పుకుంటున్నాను. ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేస్తున్నాను. ఇక్కడ రిటైరైనవాళ్లు కారు వెనక కారవాన్, అంటే చక్రాల మీద చిన్న ఇల్లు, తగిలించుకుని నెలల తరబడి తిరుగుతారు. అందులో ఫ్రిజ్‌కీ లైట్లకీ వేరే బ్యాటరీ ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపూ ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే కారు ఆల్టర్నేటర్ నుంచే దానికి చార్జింగ్ అందాలి. కొత్త కార్లలో చాలావాటికి డీజిల్ ఆదా కోసం ఆల్టర్నేటర్ మధ్యమధ్యలో వోల్టేజి తగ్గించేస్తుంది. అందుకే కారవాన్‌లో డీసీ-డీసీ చార్జర్ పెడతాం. తగ్గి వచ్చినదాన్ని పెంచి బ్యాటరీకి ఇవ్వడం దాని పని.

డెబ్భై దాటిన భార్యాభర్తల బండి అది. బానెట్ నుంచి కారవాన్ దాకా ఆరు ఎంఎం వైరు లాగాను. మన షాపుల్లో ఆరు అంటే రాగి ఆరు చదరపు మిల్లీమీటర్లు. ఇక్కడ ఆటో వైరు మీద ఆరు అంటే పైతొడుగుతో సహా వైరు లావు. లోపల రాగి 4.6 చదరపు మిల్లీమీటర్లే. సీనియర్ ఆ వైరు కోసి, కోసిన చివర నా ముందు పెట్టాడు. ఎర్ర తొడుగు మధ్యలో రాగి, అగ్గిపుల్ల కన్నా కాస్త లావు. పోను ఏడు మీటర్లు, రాను ఏడు. చార్జర్ 30 ఆంపియర్లు లాగితే దారిలోనే 1.6 వోల్టులు పోతాయి. వోల్టేజి పడిపోగానే చార్జర్ ఆగుతుంది, ఆగగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. 430 కిలోమీటర్లు నడిపి ఫ్లిండర్స్ కొండల్లో విల్పెనా చేరేసరికి వాళ్ల బ్యాటరీ నిండనే లేదు. కరెంటు లేని చోట దిగారు. రెండో రోజు పొద్దున ఫ్రిజ్ ఆగిపోయింది.

అందులో ఆవిడ ఇన్సులిన్ ఉంది.

పక్క కారవాన్ వాళ్లు తమ ఫ్రిజ్‌లో పెట్టారట. ఆవిడ భర్త ఇదంతా గొంతు పెంచకుండా చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నన్ను తొలుస్తున్నది సీనియర్ మాట. విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య దగ్గర ఎనిమిదేళ్లు పని నేర్చుకున్నాను. ఆయన యాసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్‌తో బ్యాటరీ ఆరు సెల్లులూ చూసి, ఒక్కోదాని రీడింగ్ బ్యాటరీ పక్కన సుద్దముక్కతో రాసేవాడు. హెడ్‌లైట్లు వేయించి, సెల్ఫ్ కొట్టించి, అప్పుడు మీటర్ చూసేవాడు. "లోడ్ లేకుండా చూసిన వోల్టు వోల్టు కాదురా" అనేవాడు. కొలవడం నేను విమానం దిగాక నేర్చుకున్నది కాదు. ఆ శుక్రవారం సాయంత్రం ఇంకో మూడు బండ్లు లైన్లో ఉంటే, చార్జర్ తగిలించకుండానే ప్లగ్ దగ్గర మీటర్ పెట్టాను. కరెంటు పారకపోతే వోల్టేజి పడదు, 13.4 చూపించింది. సరే అనుకుని తాళాలు ఇచ్చేశాను. మామయ్య చెప్పినట్టు చేసి ఉంటే తప్పు అక్కడే దొరికేది.

మామయ్య కూడా నన్ను నలుగురిలో తిట్టాడు. ఒకసారి స్పానర్ విసిరాడు. కానీ "నీకు బుద్ధి లేదా" అన్నాడే గానీ మా ఊరినీ మా వాళ్లనీ ఎప్పుడూ అనలేదు. ఆ సీనియర్‌కి ఈ తేడా ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు. పైగా ఆయన చెడ్డవాడు కాదు. షాపు మూసే వేళ దాటాక కూడా నాతోపాటు బండి కింద పడుకుని 6 బీ అండ్ ఎస్ కేబుల్ లాగించాడు. అంకె మళ్లీ ఆరే, కొలత వేరు. రాగి 13.5 చదరపు మిల్లీమీటర్లు. ఈసారి చార్జర్ పూర్తిగా లాగుతుండగా మీటర్ పెట్టాను. సుమారు అర వోల్టే పడింది. ఆయన తల ఊపి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆ రాత్రి మామయ్యకి ఫోన్ చేశాను. అంతా విని, "లోడ్ పెట్టి చూశావా?" అన్నాడు.

"లేదు మామయ్యా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆవిడ మందు పాడవలేదు కదా?" అని అడిగాడు.