కత్తిపీట ముందు ఒక ఆదివారం

ఆషాఢం చివరి ఆదివారం. వశిష్ఠ గోదావరికి ఎర్రనీరు తగిలి మూడు రోజులైంది గనుక పులస దొరుకుతుందేమోనని ఎదురుచూశాను గానీ, అరుగు మీద గంప దించిన చేపలావిడ "పులసకి ఇంకా వేళ కాలేదండి టీచరుగారూ, శీలావతి తీసుకోండి, పొద్దున్నే పట్టిందండి" అన్నది. రెండు కిలోల శీలావతినీ, ప్రాణంతో ఉన్న ఒక కొర్రమేనునూ తీసుకున్నాను. కొర్రమేనును నీళ్ల బకెట్టులో వేసి, శీలావతిని ముందేసుకుని పెరట్లో కత్తిపీట దగ్గర కూర్చునేసరికి మనవడు సైన్సు పుస్తకం పట్టుకుని వచ్చాడు. అందులో చేప, దాని పైన కప్ప, ఆ పైన బల్లి, అందరికన్నా పైన మనిషి, మెట్ల మీద నిలబెట్టినట్టు ఒక బొమ్మ ఉంది. "అమ్మమ్మా, మనం ఒకప్పుడు శీలావతులమా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన నాకు ఆ మెట్ల బొమ్మ అంటే మొదటినుంచీ కోపమే. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠకు గౌతమి తల్లీ కాదు, కూతురూ కాదు. ఎముకల చేపల వంశం కూడా నలభై కోట్ల ఏళ్లకు పూర్వమే అలా రెండు పాయలైందని వాడికి చెప్పాను. కండ పట్టిన మందపాటి వాజాలు, అంటే ఈత రెక్కలు, ఉన్న పాయలో నుంచి నేల మీద నడిచే జంతువులు వచ్చాయి, మనమూ అందులోనే ఉన్నాము. ఆ పాయలో చేపలుగా మిగిలినవి ఆరు రకాల ఊపిరితిత్తి చేపలు, సముద్రంలో బతికే రెండు రకాల సీలకాంత్‌లు మాత్రమే. రెండో పాయ శీలావతిది. దాని వెన్ను మీది వాజాన్ని రెండు వేళ్లతో పట్టి విప్పితే తాటాకు విసనకర్రలో ఈనెల్లాగా సన్నని ఎముక పుల్లలూ, వాటి మధ్య తడి పొరా కనిపించాయి. ఆ పుల్లలను బట్టే వీటికి కిరణవాజ చేపలని పేరు. ఇవాళ 30,000కు పైగా జాతులు, అంటే వెన్నెముక ఉన్న జీవజాతుల్లో దాదాపు సగం, ఈ పాయలోనే ఉన్నాయి. పులస, పండుగప్ప, బొమ్మిడాయి, చందువా, మన సంతలో కనిపించే ముళ్ల చేపలన్నీ ఇవే. సొరచేప మాత్రం గట్టి ఎముకకు బదులు మెత్తని మృదులాస్థి ఉండే వేరే వంశానిది.

పొట్ట కోయగానే వేరుశనగ కాయలాగా నడుమ నొక్కుకుపోయిన తెల్లని గాలితిత్తి బయటపడింది. దానిని పగలనీయకుండా తీసి వాడి అరచేతిలో పెట్టాను. ఈ తిత్తే క్రమంగా ఊపిరితిత్తి అయిందని డార్విన్ 1859లో రాశాడు గానీ, జరిగింది అందుకు తలకిందులని తరువాత తేలింది. తొలి ఎముకల చేపలకు ఊపిరితిత్తులే ఉండేవి. ఆఫ్రికా నదుల్లోని పాలిప్టెరస్ అనే పాతకాలపు కిరణవాజ చేప ఇప్పటికీ జంట ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. మిగిలిన వాటిలో చాలావరకు ఆ ఊపిరితిత్తే నీటిలో మునగకుండా, తేలిపోకుండా నిలబెట్టే తిత్తిగా మారింది. శీలావతి, బొచ్చె, జెల్ల వంటి వాటిలో అది ఇంకొక పని కూడా నేర్చుకున్నది: తల వెనుక ఉన్న చిన్న ఎముకల వరుస దాని అదురును చెవికి చేరవేస్తుంది. గట్టు మీద మన అడుగుల సడికే చెరువులో చేపలు చెదిరిపోవడం వెనుక ఆ వినికిడి కూడా ఉంది.

ఇంతలో బకెట్టులో కొర్రమేను పైకి వచ్చి గుటుక్కున గాలి మింగింది. ఊపిరితిత్తిని ఏనాడో వదులుకున్న వంశంలో పుట్టి, మొప్పల పైన వేరొక గది కట్టుకుని మళ్లీ గాలి పీల్చడం మొదలుపెట్టిన చేప అది. పైకి రానివ్వకపోతే అది నీటిలోనే ఊపిరాడక చస్తుంది. మెట్ల బొమ్మలో ఈ కథకు చోటెక్కడిది?

కిరణవాజ చేపలు ఇన్ని రకాలు కావడానికి కారణం ఒకటే అని చెప్పలేము. వాటిలో నూటికి తొంభై తొమ్మిదికి పైగా టీలియోస్టులనే శాఖవి. ఆ శాఖ పూర్వీకుల జన్యువులన్నీ ముప్పై కోట్ల ఏళ్లకు ముందే ఒకసారి రెట్టింపయ్యాయి, పాత పనికి ఒక ప్రతి ఉండగా రెండోది కొత్త పనికి వీలైంది. నోళ్లు మరింత ముఖ్యమని నా నమ్మకం. శీలావతి దవడల్లో ఒక్క పన్ను కూడా ఉండదు, పళ్లన్నీ గొంతులో ఉంటాయి. పెదవులు ముందుకు సాచి మేతను లాగడం నోటి పని, నమలడం గొంతు పని. ఒక్కొక్క పనికి ఒక్కొక్క అవయవం ఏర్పడ్డాక కొత్త మేతకు తగ్గట్టు మారడం తేలికైంది.

ఈ చరిత్ర మన గోదావరి రాళ్లలోనూ ఉంది. ఎగువన మహారాష్ట్రలోని సిరొంచ దగ్గర, గోదావరిలో కలిసే ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే ఊరి సున్నపురాళ్లలో జురాసిక్ కాలపు లెపిడోటిస్ అనే కిరణవాజ చేపల శిలాజాలు దొరికాయి. వాటి పొలుసులు శీలావతి పొలుసులాగా పలుచన కావు. మందంగా, మెరుస్తూ, పలకలు పేర్చినట్టు ఉంటాయి. అక్కడే సీలకాంత్ శిలాజమూ దొరికింది, అంటే రెండు పాయల చేపలూ అక్కడ ఉన్నాయి. ఇటు రాజమహేంద్రవరం పక్కన కాతేరులో, పంగిడిలో కంకర కొట్టే నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా, డైనోసార్లు అంతరించిన రోజులది. ఆ కాలం దాటాక సముద్రపు అడుగు మట్టిలో సొరచేపల పొలుసులతో పోలిస్తే కిరణవాజ చేపల పళ్ల సంఖ్య బాగా పెరిగిపోయింది. మన రోడ్ల కింద పరిచిన రాయి ఆ మలుపు నాటిదని చెబితే వాడు కాసేపు నోరు మెదపలేదు.

మధ్యాహ్నం పులుసు తిన్నాక శీలావతి గొంతు ఎముకలను ఉడకబెట్టి, పాత బ్రష్‌తో కండ వదిలించి, మూత మీద ఎండబెట్టాము. వాడు మూడు వరుసల పళ్లు లెక్కపెట్టి బొమ్మ గీసుకున్నాడు, రేపు బడికి తీసుకెళతాడట. కొర్రమేనును రేపటికి ఉంచాను. ఈ మాటలు రాస్తుండగా, బకెట్టు మీద కప్పిన చిల్లుల పళ్లెం కింద అది గాలి మింగిన చప్పుడు రెండుసార్లు వినిపించింది.