సీఎన్‌సీ రూటర్ కొనేవారు బెడ్ కన్నా ముందు చూడవలసినవి

కంప్యూటరు ఆదేశాలతో కొయ్య మీద నగిషీ చెక్కే సీఎన్‌సీ యంత్రం (రూటర్) కావాలని విజయవాడలో ఎవరిని అడిగినా ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఎంత బెడ్ కావాలి?" అనే. అమ్మేవారి ధరల పట్టికలో కూడా పై వరుసలో ఉండేవి బెడ్ అనే పని బల్ల కొలత, కోసే బిట్టును తిప్పే స్పిండిల్ మోటారు కిలోవాట్లు మాత్రమే. ఇంటి వెనుక రేకుల షెడ్డులో తీరిక వేళల్లో వడ్రంగం చేసుకునే నేను యంత్రం ఎంచుకునేటప్పుడు ఈ రెండు అంకెలను పక్కన పెట్టి, నేను చెక్కదలచిన పలకకు ఎన్ని గంటలు పడుతుందన్న లెక్కతో మొదలుపెట్టాను. ఇంటి పనికి యంత్రం కొనదలచిన మరొకరికి ఉపయోగపడుతుందని ఆ లెక్కను ఇక్కడ రాస్తున్నాను.

బెడ్ సంగతి త్వరగానే తేలిపోతుంది. 1325 అని పిలిచే పెద్ద యంత్రం 1300 మిల్లీమీటర్ల వెడల్పు, 2500 మిల్లీమీటర్ల పొడవు మేరకు పని చేస్తుంది; ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ షీటును అలాగే పరచి అల్మరాల భాగాలు, జాలీలు కోసేవారికి ఆ కొలత అవసరం. సింహద్వారం తలుపు ఏడడుగులు ఉంటుంది కాబట్టి మనకూ పెద్ద బల్లే కావాలనే వాదన వినిపిస్తుంది గాని, చట్రం కట్టిన టేకు తలుపు ఒకే చెక్కతో చేసినది కాదు. నిలువు, అడ్డ కమ్ముల మధ్య విడివిడి పలకలు బిగిస్తారు, నగిషీ చాలావరకు ఆ పలకల మీదనే ఉంటుంది. అటువంటి పలకకు 600 బై 900 మిల్లీమీటర్ల యంత్రం హాయిగా సరిపోతుంది. వేలల్లో దొరికే 3018 రకం బుల్లి యంత్రం 300 బై 180 మిల్లీమీటర్లకే పరిమితం. పేరు పలకలు చెక్కడానికి, పని నేర్చుకోవడానికి అది మంచిదే కాని టేకులో లోతైన పని దానివల్ల కాదు. ఒక మాట గుర్తుంచుకోవాలి: ఈ అంకెలు పని జరిగే జాగాను చెబుతాయి, యంత్రం చట్రం అంతకన్నా బాగా పెద్దది, దాని చుట్టూ మనిషి తిరగడానికి చోటు వేరే ఉండాలి. షెడ్డు తలుపు వెడల్పును కూడా ముందే కొలుచుకోవడం మంచిది.

ఇప్పుడు గంటల లెక్క. 300 మిల్లీమీటర్ల వెడల్పు, 600 మిల్లీమీటర్ల పొడవు గల పలక మీద లతలూ హంసలూ ఉబ్బెత్తుగా చెక్కాలనుకుందాం. ముందు 6 మిల్లీమీటర్ల బిట్టుతో ముతకగా తొలిచి, తరువాత కొన గుండ్రంగా ఉండే సన్నని బిట్టుతో నునుపు చేయాలి. నునుపు పనిలో బిట్టు ఒక గీత వెంట పోయి, 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగి, మరో గీత వెంట తిరిగి వస్తుంది. అంటే 300 మిల్లీమీటర్ల వెడల్పుకు 1500 గీతలు, ఒక్కో గీత 600 మిల్లీమీటర్లు, మొత్తం 900 మీటర్ల ప్రయాణం. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగంతో నడిచే యంత్రానికి ఇది ఐదు గంటల పని. 1000 మిల్లీమీటర్లతో ఈడ్చుకుంటూ పోయే యంత్రానికి పదిహేను గంటలు. తలుపుకు నాలుగు పలకలుంటే ఆ తేడా ఎంతవుతుందో ఎవరికి వారే గుణించుకోవచ్చు.

అయితే పట్టికలో రాసిన గరిష్ఠ వేగం చూసి తృప్తి పడరాదు. ఉబ్బెత్తు నగిషీలో బిట్టు ప్రతి క్షణం పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటుంది కాబట్టి, నిలువు కదలిక దిశ అయిన జెడ్ యాక్సిస్ ఎంత చురుకుగా ఉంటే మిగిలిన రెండు యాక్సిస్‌లూ అంత వేగంగానే నడవగలవు. బరువైన స్పిండిల్‌ను బలహీనమైన మోటారుకు తగిలించిన యంత్రం ఖాళీగా అటూ ఇటూ పరుగెత్తి చూపించినప్పుడు ముచ్చటగానే ఉంటుంది. హంస మెడ చెక్కే దగ్గరకు వచ్చేసరికి నత్తనడక పడుతుంది, లేదా మోటారు అడుగులు తప్పి నగిషీ అంతా ఒక పక్కకు జరిగిపోతుంది. అందుకే నేను కిలోవాట్ల కన్నా ముందు జెడ్ యాక్సిస్ మోటారు, స్క్రూ, పట్టాల గురించి అడిగాను. నట్టులో ఉక్కు గుండ్లు దొర్లే బాల్‌స్క్రూ ఉండాలి, ఎందుకంటే మామూలు లీడ్‌స్క్రూలో నట్టు అరిగేకొద్దీ వెనక్కు తిరిగిన ప్రతిసారీ కొంత వదులు కనబడుతుంది. పట్టాలు మొత్తం పొడవునా చట్రానికి బిగించిన చదరపు లీనియర్ రైళ్లై ఉండాలి. రెండు కొసల మాత్రమే ఆనిన గుండ్రటి కడ్డీ మధ్యలో వంగుతుంది, పొడవు రెట్టింపైతే అదే బరువుకు వంగడం ఎనిమిది రెట్లవుతుంది. అదే డబ్బుకు పెద్ద బల్ల, సన్న కడ్డీలు ఇస్తామంటే చిన్న బల్ల, గట్టి పట్టాలు తీసుకోవడమే మేలన్నది నా అభిప్రాయం.

గట్టిదనం లేని యంత్రంతో వచ్చే మరో చిక్కు, కొయ్య మాడడం. రెండు అంచుల బిట్టు నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ ఒక్కో అంచుతో 0.1 మిల్లీమీటరు మందాన పొట్టు తీయాలంటే యంత్రం నిమిషానికి 3600 మిల్లీమీటర్లు ముందుకు సాగాలి. అదురుతుందని భయపడి వేగం మాత్రం తగ్గించి, స్పిండిల్ చుట్లను అలాగే ఉంచితే, బిట్టు కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. టేకు నల్లబడుతుంది, అంచు మొద్దుబారుతుంది. టేకులో సహజంగా ఉండే సిలికా ఎలాగూ అంచులను త్వరగా అరగదీస్తుంది కాబట్టి కార్బైడ్ బిట్లు తప్పనిసరి, వాటికి విడిగా కొంత డబ్బు దాచుకోవాలి.

కొండపల్లి పక్కనే ఉన్న ఊరు కాబట్టి, ఈ యంత్రం బొమ్మలు చెక్కుతుందా అని ఇక్కడ అడగనివారు ఉండరు. మూడు యాక్సిస్‌ల యంత్రంలో బిట్టు పైనుంచి మాత్రమే దిగుతుంది, అంబారీ ఏనుగు తొండం కింది ఖాళీలోకి అది చేరలేదు. తెల్ల పొణికి చెక్కతో పని చేసే కొండపల్లి కళాకారులు అవయవాలను విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. యంత్రంతో బొమ్మ చేయదలచినవారూ ముక్కలు ముక్కలుగానే ఆలోచించాలి. మంచం కోళ్లు, స్తంభాల వంటి గుండ్రటి పనికి చెక్కను తిప్పే నాలుగో యాక్సిస్ అమరిక దొరుకుతుంది. దాన్ని వెంటనే కొనవలసిన అవసరం లేదు గాని, తరువాత తగిలించుకునే వీలు యంత్రాన్ని నడిపే కంట్రోలర్‌లో ఉందో లేదో అడిగి ఉంచుకోవాలి.

స్పిండిల్ విషయంలో నేను 1.5 కిలోవాట్ల నీటి చల్లదనం రకాన్ని ఎంచుకున్నాను. గాలితో చల్లబడే రకానికి ఫ్యాను హోరు ఎక్కువ. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య ఐదు గంటల హోరును ఇరుగుపొరుగు భరించాలంటే కష్టం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో చిన్న బకెట్టు నీళ్లు త్వరగా వేడెక్కిపోతాయి కాబట్టి పెద్ద డ్రమ్మునే నీడలో పెట్టాను. ఇంటికి వచ్చే 50 హెర్ట్‌జ్ సింగిల్ ఫేజ్ కరెంటును వీఎఫ్‌డీ అనే పరికరం 400 హెర్ట్‌జ్ దాకా పెంచి స్పిండిల్‌ను నిమిషానికి 24,000 చుట్లు తిప్పుతుంది. దానికి, దుమ్ము లాగే యంత్రానికి వేర్వేరు లైన్లు, సరైన ఎర్తింగు వేయించి, ఇంటి మంజూరు లోడు సరిపోతుందో లేదో చూసుకోవాలి.

కరెంటు పోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. కంప్యూటరుకు, కంట్రోలర్‌కు మాత్రమే యూపీఎస్ పెట్టడం చాలామందికి తోచే ఉపాయం, అది ప్రమాదకరం. కరెంటు పోగానే స్పిండిల్ ఆగిపోతుంది, కంట్రోలర్ నడిపే యాక్సిస్ మోటార్లు మాత్రం యూపీఎస్ బలంతో కదులుతూనే ఉంటాయి, తిరగని బిట్టు చెక్కలోకి దూసుకుపోయి విరుగుతుంది. ఆగితే స్పిండిల్, యాక్సిస్ మోటార్లు ఒకేసారి ఆగాలి. ఆగిన చోటును గుర్తుంచుకునే కంట్రోలర్, తిరిగి సున్నా స్థానాన్ని పట్టుకోవడానికి లిమిట్ స్విచ్‌లు ఉంటే పనిని అక్కడినుంచే కొనసాగించవచ్చు. కంప్యూటరు అక్కరలేకుండా పెన్‌డ్రైవ్ నుంచి ఫైలు చదివే చేతి డీఎస్‌పీ కంట్రోలర్‌నే నేను ఇష్టపడతాను. వీఎఫ్‌డీ పుట్టించే విద్యుత్ అలజడికి కంప్యూటరు యూఎస్‌బీ తీగ లంకె తెగిపోయే బెడద దానితో ఉండదు.

నమూనా గీసి బిట్టు నడవవలసిన దారిని తయారుచేసే సాఫ్ట్‌వేర్ అనగానే మన దుకాణాల్లో వినిపించేది ఆర్ట్‌క్యామ్ పేరు. ఆటోడెస్క్ సంస్థ దాని అమ్మకాన్ని 2018లోనే ఆపేసింది. యంత్రంతో పాటు "ఉచితంగా" వేసి ఇచ్చే ప్రతికి లైసెన్సు ఉంటుందని ఆశించలేము. అటువంటిదే మరో సాఫ్ట్‌వేర్ అయిన వీకార్వ్ కొనేవారు దాని డెస్క్‌టాప్ రకం 25 అంగుళాల చదరానికే పరిమితమని గమనించాలి. ఉబ్బెత్తు నమూనాలను సొంతంగా తయారుచేయాలంటే ఆ కోవలోనే పై రకమైన ఆస్పైర్ కావాలి.

దుమ్ము లాగే ఏర్పాటును యంత్రం ధరలో భాగంగానే లెక్కించాలి. కొయ్య దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ చేర్చింది. నునుపు పనిలో రాలేది కంటికి కూడా ఆనని పొడి, ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే ఆగేది కాదు.

చివరి వాయిదా చెల్లించే ముందు, అమ్మేవారి ఎదుటనే మన టేకు ముక్క మీద రెండు ఆకారాలు కోయించాలి. ఒకటి 200 మిల్లీమీటర్ల వృత్తం: స్క్రూలో వదులు ఉంటే యాక్సిస్ దిశ మార్చుకునే నాలుగు చోట్ల అంచు చదునుగా కనబడుతుంది. రెండోది పెద్ద చతురస్రం: దాని రెండు కర్ణాలూ సమానంగా లేకపోతే పైన కదిలే గ్యాంట్రీ వంకరగా ఉన్నట్టు, దాన్ని అక్కడే సరిచేయించి మళ్లీ కోయించాలి.