ఎవరి కడుపు వారి సలహా

ఆదివారం, రాత్రి పదకొండు.

బరువు తగ్గే ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నానని నలుగురి చెవిన వేస్తే చాలు, ఇక మనం ఆలోచించక్కర్లేదు. ఆ పని వాళ్లే చేసిపెడతారు. కడుపుని కోసి సన్నం చేసే స్లీవ్ చేయించుకున్నవాడు స్లీవ్‌ని మించింది లేదంటాడు. కడుపుకి బైపాస్ (గుండెకి చేసేది కాదు) చేయించుకున్నావిడ బైపాస్ తప్ప ఇంకోటి తలపెట్టొద్దంటుంది. వారం వారం ఇంజెక్షన్ పొడుచుకునేవాడు అసలు కోత ఎందుకంటాడు. ఏదీ అక్కర్లేనివాళ్లు, అంటే సన్నగా ఉన్నవాళ్లు, "కాస్త నోరు కట్టుకుంటే పోయేదానికి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ నాలుగు రకాలూ నాకు ఇవాళ ఒక్క రోజులోనే తగిలాయి. ఇప్పుడు రాసి పెట్టుకోకపోతే రేపటికి ఎవరేమన్నారో కలగాపులగం అయిపోతుంది.

ముందు నా లెక్క. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 121 కిలోలు, బిఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 40.9. షుగర్ ఉంది, బీపీ ఉంది. గురక పెడితే పక్కింటివాళ్లకి కూడా తెలిసేది. స్లీప్ టెస్టు చేయిస్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, బాగా ముదిరిందని తేలింది. ఇప్పుడు గాలి నెట్టే సీప్యాప్ మెషీను మాస్కు తగిలించుకుని పడుకుంటున్నాను. బ్యాంకులో రోజంతా కుర్చీ ఉద్యోగం. నడకలు, డైట్లు, మిల్లెట్లు, కీటో అన్నీ అయ్యాయి. షుగర్ డాక్టరు షుగర్‌నీ ఆకలినీ తగ్గించే సెమాగ్లూటైడ్ మాత్ర కూడా ఏడాది వాడించారు. ఆరు కిలోలు తగ్గాను, తర్వాత ముల్లు కదల్లేదు.

పొద్దున్న పుష్కర ఘాట్ వైపు నడకకి వెళ్లాను. అక్కడ కలిశాడు మా స్లీవ్ మిత్రుడు. వేరే బ్రాంచిలో పనిచేస్తాడు, ఆపరేషనై మూడేళ్లయింది. నడక అయ్యాక టిఫిన్ సెంటర్‌లో కూర్చున్నాం. నేను పెసరట్టు ఉప్మా చెప్పాను. (ఆపరేషన్ గురించి మాట్లాడ్డానికి వెళ్లి పెసరట్టు ఉప్మా ఏమిటని ఎవరూ అడక్కండి.) వాడు ఒక ప్లేటు ఇడ్లీ చెప్పి, ఒక ఇడ్లీ ముందే పార్సిల్ కట్టించేశాడు.

మిగిలిన ఆ ఒక్క ఇడ్లీని వాడు తినే తీరు చూడాలి. స్పూనుతో గోరంత ముక్క కోశాడు. పచ్చడి అంచుకి అద్దాడు. నోట్లో పెట్టుకుని స్పూను కింద పెట్టేశాడు. నమిలి, నమిలి, మింగి, ఒక్క క్షణం ఆగి, లోపలికి దిగిందని ఖాయం చేసుకున్నాకే మళ్లీ స్పూను ఎత్తాడు. మంచినీళ్ల గ్లాసు ముట్టుకోలేదు. తిండికి ముందు అరగంట, తర్వాత అరగంట నీళ్లు తాగకూడదట. నా పెసరట్టు అయిపోయి, కాఫీ అయిపోయి, నేను పేపరు తిరగేస్తున్నా వాడి ప్లేట్లో ఇంకా పావు ఇడ్లీ ఉంది. సర్వర్ కుర్రాడు వచ్చి "ఇడ్లీ బాలేదా సార్?" అన్నాడు. "బాగుంది, బాగుంది" అన్నాడు వీడు, ఊరంతా ఇదే అడుగుతుందన్నట్టు. ఒక్క ముద్ద తొందరపడితే గుండెల దగ్గర పట్టేస్తుందట, నోట్లో లాలాజలం ఊరిపోతుందట, లేచి వాష్‌బేసిన్ వైపు పరుగెత్తడమేనట.

"అయినా స్లీవే చేయించుకో గురూ. పేగుల జోలికి పోరు, గంటన్నరలో అయిపోతుంది" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. స్లీవ్‌లో కడుపుని నిలువునా స్టేప్లర్‌తో కోసి, ముప్పాతిక వంతు పైగా తీసేస్తారు. అరటికాయంత గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే, అందుకే మొదటి ఏడాది ఆకలన్నదే గుర్తుండదంటారు. తీసేసింది మాత్రం మళ్లీ రాదు. 118 నుంచి 79కి దిగాడు వీడు. ఇప్పుడు 86. ఆ ఏడు కిలోలు ఎలా వచ్చాయంటే నవ్వాడు. ఇడ్లీ దిగదు గానీ మిక్స్చరు, ఐస్‌క్రీము జారిపోతాయట. ఎంత తిన్నా అడ్డం పడవు. గొట్టానికి పట్టింపు తిండి పరిమాణమే, అందులో ఎంత నూనె ఉందో, ఎంత చక్కెర ఉందో దానికి పట్టదు కదా.

నాకు ఎసిడిటీ ఎక్కువని, ఎండోస్కోపీలో హయాటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జరగడం) కనిపించిందని, అన్నవాహిక చివర ఒరుసుకుపోయి పుండ్లు ఉన్నాయని చెప్పాను. "అదేం లెక్క? నాకూ గ్యాస్ ఉంది, ఏం కాలేదుగా" అంటూనే చొక్కా జేబులోంచి మాత్రల స్ట్రిప్ తీశాడు. ఒకటి నొక్కి నోట్లో వేసుకున్నాడు. ఏమిటది అన్నాను. "గ్యాస్ బిళ్ల. ఇది రోజూ ఉండేదే" అన్నాడు. ఆపరేషన్‌కి ముందు వేసుకునేవాడివా అని అడిగితే కాసేపు ఆలోచించి, "అప్పుడు ఎప్పుడైనా" అన్నాడు.

నేనేమీ అనలేదు. వాడి మీద నాకు గౌరవమే. మూడేళ్లుగా షుగర్ మాత్ర ముట్టలేదు వాడు. వాడి మోకాళ్లు ఘాట్ మెట్లు ఎక్కడం నేను కళ్లారా చూస్తున్నాను. వాడి ఆపరేషన్ వాడికి కుదిరింది. కానీ సర్జన్ నాకు బొమ్మ గీసి మరీ చెప్పింది వేరు. స్లీవ్ తర్వాత మిగిలే సన్నటి గొట్టంలో ఒత్తిడి ఎక్కువ, ఉన్న రిఫ్లక్స్ ఇంకా పెరగొచ్చు. బైపాస్‌లో అయితే కడుపు పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి దానికి చిన్నపేగు కలుపుతారు కాబట్టి యాసిడ్ పైకి ఎగదన్నడం తగ్గుతుంది, షుగర్ మీద కూడా అదే గట్టిగా పనిచేస్తుంది. "మీ కేసులో నా మొగ్గు అటు. నిర్ణయం మీది" అన్నారాయన. ఎండోస్కోపీ చేయించక ముందు నేనూ స్లీవే అనుకున్నాను, అందరూ అదే చేయించుకుంటున్నారు కదా అని.

ఇంటికొచ్చేసరికి హైదరాబాద్ నుంచి అక్క ఫోన్. పెద్దనాన్నగారి అమ్మాయి, బైపాస్ చేయించుకుని ఐదో ఏడు. "ఒరేయ్ తమ్ముడూ, ఎవడి మాటా వినకు, బైపాసే" అని మొదలెట్టింది. సరే అక్కా, మంచి సంగతులు తర్వాత, ముందు నువ్వు పడ్డ పాట్లు చెప్పు అన్నాను. అక్కడ్నించి గంటసేపు మాట్లాడింది. నాకు పనికొచ్చిన గంట అదే.

ఒకరి గృహప్రవేశంలో మొహమాటానికి ఒక పూతరేకు తిందట. పావుగంటలో ఒళ్లంతా చెమటలు, గుండె దడ, కడుపులో మెలిపెట్టడం. కొత్త ఇంట్లో వాళ్ల పడగ్గదిలో దుప్పటి పరుచుకుని పడుకుందట. డంపింగ్ అంటారు దాన్ని. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగిపోతే వచ్చే తంటా. "ఆ తర్వాత స్వీటు చూస్తే నమస్కారం పెట్టేస్తున్నా" అంది. మోకాలి నొప్పికి ఇదివరకు బిళ్లలు మింగినట్టు మింగడానికి లేదట. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే సంచికీ పేగుకీ అతుకు వేసిన చోట పుండు పడుతుంది. పన్ను పీకిన డాక్టరు మామూలుగా రాసేస్తే, ఈవిడే చూసుకుని మార్పించుకుందట. ఐరన్ మాత్రకీ క్యాల్షియం మాత్రకీ రెండు గంటల ఎడం. బి12, విటమిన్ డి జీవితాంతం. ఏటా రక్తపరీక్షలు. మధ్యలో ఒక ఏడాది అశ్రద్ధ చేస్తే ఐరన్ పడిపోయి, సెలైన్‌లో ఎక్కించాల్సి వచ్చిందట.

జుట్టు సంగతి నేను అడిగితే గానీ చెప్పలేదు. నాలుగో నెలలో దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేదట. ఏడాది తిరిగేసరికి మళ్లీ వచ్చిందిలే అని తేలిగ్గా అనేసింది గానీ, ఆ నెలల్లో అద్దం ముందు నిలబడలేదని బావగారు నాకు ఎప్పుడో చెప్పారు.

ఇంకో సంగతి. అక్క ఆపరేషన్ చేయించుకున్నట్టు మా చుట్టాల్లో ముగ్గురికి మించి తెలీదు. మనిషి సగమైపోతే పెళ్లిళ్లలో అందరూ పట్టుకుని "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవారట. షుగర్ వచ్చి చిక్కిపోయానని చెప్పిందట. ఆపరేషన్‌తో షుగర్ పోయిన మనిషి! నవ్వొచ్చింది కానీ, ఎందుకలా చెప్పిందో నాకు అర్థమైంది. జబ్బు చేసి తగ్గితే జాలిపడతారు, కోయించుకుని తగ్గితే "అడ్డదారి" అంటారు. గాల్‌బ్లాడర్ తీయించుకున్నవాణ్ణి ఎవడైనా అడ్డదారి తొక్కావంటాడా?

మధ్యాహ్నం అమ్మ. భోజనాల దగ్గర "దేవుడిచ్చిన కడుపు కోయించుకోవడమేమిట్రా, మీ తాతగారూ లావే, ఎనభై రెండేళ్లు బతకలేదా" అంటూనే నా కంచంలో ఇంకో గరిటె ముద్దపప్పు వేసింది. ఈ విషయం మీద ఇంతకంటే రాయక్కర్లేదు.

సాయంత్రం డాలస్ నుంచి బావమరిది. అతను టిర్జెపటైడ్ అనే వారం వారం ఇంజెక్షన్ మీద ఉన్నాడు, పదహారు కిలోలు తగ్గాడు. "బావగారూ, ఇండియాలోకి కూడా వచ్చేసిందిగా, ఇంకా కత్తులెందుకు?" అన్నాడు. వచ్చిన మాట నిజమే. అతని మందు మౌంజారో పేరుతో 2025 మార్చిలో, నేను మాత్రగా వాడిన సెమాగ్లూటైడ్ వెగోవి అనే ఇంజెక్షన్‌గా అదే ఏడాది జూన్‌లో ఇక్కడ దిగాయి. మౌంజారో వచ్చిన కొత్తలో 5 మిల్లీగ్రాముల వయల్ 4,375 రూపాయలు, వారానికొకటి చొప్పున నెలకి 17,500. అతనికి ఆఫీసు ఇన్సూరెన్స్ కడుతుంది, నాకు నా జీతం కట్టాలి. పైగా మందు ఆపేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగొస్తుందని పరిశోధనల్లోనే తేలింది. ఆ మాటంటే "ఆపడమెందుకు, వాడుతూనే ఉంటా" అన్నాడు. అతని మటుకు అతను చెప్పింది సబబే. ఇంకా పది కిలోలు తక్కువుండి, షుగర్ కొత్తగా వచ్చి ఉంటే నేనూ ముందు ఇంజెక్షనే చూసేవాణ్ణి.

నా ఇన్సూరెన్స్ సంగతి. రెగ్యులేటర్ పెట్టిన షరతు ప్రకారం పాలసీ ఈ ఆపరేషన్‌కి డబ్బివ్వాలంటే బిఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, అదుపు తప్పిన షుగరో ఉండాలి. మిగతా దారులు చూసి విఫలమై ఉండాలి. 40, 35 అన్న అంకెలు 1991 నాటి అమెరికా మార్గదర్శకాలవి. 2022లో సర్జన్ల సంఘాలు వాటిని 35కీ 30కీ దించాయి, ఆసియావాళ్లకి ఇంకా కిందకి. పాలసీ కాగితంలో మాత్రం పాతవే. 40.9తో నేను గట్టెక్కాను. లావుగా ఉన్నందుకు నేను పాసైన పరీక్ష జీవితంలో ఇదొక్కటే. పాలసీ తీసుకుని మూడేళ్లు దాటింది కాబట్టి వెయిటింగ్ పీరియడ్ గొడవ కూడా లేదు. అయినా అప్రూవల్ వచ్చేదాకా నమ్మడానికి లేదు.

రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఆవిడ హాస్పిటల్ వాళ్లిచ్చిన డైట్ కాగితం తీసుకొచ్చింది. ఏ ఆపరేషన్ అని ఒక్కసారి కూడా అడగని మనిషి తనొక్కతే. కాగితం మాత్రం వరసగా చదివింది. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ప్రోటీన్ పౌడరు, మజ్జిగ, కూరగాయలతో గడపాలి, లివర్ కాస్త కుంచించుకుంటే సర్జన్‌కి లోపల చోటు దొరుకుతుంది. తర్వాత మొదట్లో మజ్జిగ తేట, కొబ్బరినీళ్లు, వడకట్టిన పప్పుకట్టు. ఒక్కో విడత 30 మిల్లీలీటర్లు. "ముప్పై అంటే ఎంతండీ?" అంది. నాకూ తెలీదు. పిల్లల దగ్గుమందు మూత పట్టుకొచ్చింది, దాని మీద 10 అని గీత ఉంది. మూడు మూతలు నీళ్లు స్టీలు గ్లాసులో పోసింది. గ్లాసు అడుగు సరిగ్గా నిండలేదు. ఇద్దరం అందులోకి తొంగి చూశాం. "ఇది ఒక్కసారిగా తాగకూడదట, గుక్క గుక్కగానట" అంది కాగితం చూస్తూ. "మీకు గుక్క అంటే చెంబు కదా" అని పకపకా నవ్వింది.

బైపాస్ అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. అంతా విని, నొప్పి బిళ్లల సంగతి నేను కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికిస్తాను, మీరు మర్చిపోతారు అంది. అక్కకి చెబితే తన మాటే నెగ్గిందనుకుంటుంది, అనుకోనీ.

ఇక అమ్మకి ఏం చెప్పాలన్నది మిగిలింది. హయాటస్ హెర్నియా కూడా అదే బల్ల మీద సరిచేస్తామన్నారు కాబట్టి, హెర్నియా ఆపరేషన్ అని చెబుదాం, అబద్ధం కూడా కాదు అంది మా ఆవిడ. నాకు మనసొప్పలేదు. ఆరు నెలలపాటు ఇదే ఇంట్లో కొబ్బరిచిప్పలో పట్టేంత అన్నం తింటూ హెర్నియా కథ ఎన్నాళ్లు నడుపుతాం? వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను. సీరియల్ చూస్తూ మొత్తం విన్నది. షుగర్ మాత్రలు తగ్గుతాయా అంది. తగ్గొచ్చన్నాను. ఆ మెషీను పెట్టుకోకుండా పడుకుంటావా అంది. బరువు తగ్గాక ఆశ ఉందన్నాను.

"సరే అయితే, మూఢం వెళ్లాక చేయించుకో" అంది టీవీ వంక చూస్తూనే.

పంచాంగం రేపు చూడాలి. ఇన్సూరెన్స్ వాళ్లకంటే ముందు ఆ తేదీ తేలేలా ఉంది.