మిర్రర్ డింగీ: ఎడమ ట్యాంకు ఇంకా గాలి పట్టడం లేదు

మా మిర్రర్ డింగీ, అంటే చిన్న తెరచాప పడవ. దాన్ని తేల్చే గాలి ట్యాంకులకు నిన్న సాయంత్రం మళ్లీ లీకు పరీక్ష పెట్టాను. ఎడమ పక్క ట్యాంకు మళ్లీ ఫెయిల్. ట్యాంకులోకి గాలి ఊదితే, దానికి తగిలించిన ట్యూబులో నీటి మట్టం 100 మి.మీ. నుంచి 50కి పడడానికి 11 సెకన్లు. కుడి పక్క ట్యాంకుకు అదే పని రెండు నిమిషాలకు పైనే పడుతోంది. రెండిటికీ ఒకే ప్లైవుడ్, ఒకే వయసు, నేను వాడిన రెసిన్ కూడా ఒకటే. మరి ఈ ఎడమదానికి ఏమొచ్చిందో తెలియక రాత్రంతా అదే టెన్షన్.

కొత్తగా చదివేవాళ్లకు ఒక్క ముక్క. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఇచెన్ నది మీద 26 అడుగుల వెస్టర్లీ సెంటార్ అనే తెరచాప పడవలోనే మా కాపురం ఉండేది. పాప పుట్టాక చలికాలం తేమతో వేగలేకపోయాం. పొద్దున లేచేసరికి పరుపు అడుగంతా చెమ్మ, లాకర్లలో బూజు. దాన్ని అమ్మేసి అద్దె ఇంట్లోకి మారాం. ఇప్పుడు గరాజ్‌లో ఉన్నది 1970ల నాటి మిర్రర్: 10 అడుగుల 10 అంగుళాల పొడవు, ఇద్దరు ఎత్తగలిగే బరువు. గన్వేల్ (పడవ పై అంచు పట్టీ) మార్చడం, చుక్కాని వార్నిష్, డాగర్‌బోర్డు (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) పెట్టె లీకు, అన్నీ అయిపోయాయి, బాగా వచ్చాయి. ఎర్ర తెరచాపలకు రెండు కుట్లు చాలాయి.

ఈ ట్యాంకు దగ్గరే ఆగిపోయాను. సెంటార్‌లో నీళ్లు కారితే బిల్జ్ పంపు తోడేసేది. డింగీ బోల్తా పడితే దాన్ని తేల్చి ఉంచేవి ఈ ట్యాంకులే. ఇందులో పాపను కూర్చోబెట్టుకుని వెళ్లాలి. కాబట్టి "కొంచెం లీకేలే" అని వదిలేసే మాటే లేదు.

పరీక్ష పద్ధతి: రెండు మీటర్ల పారదర్శక ట్యూబును చెక్క మీద యూ ఆకారంలో కట్టి, సగం నీళ్లు పోసి, ఒక కొసను డ్రెయిన్ రంధ్రానికి బిగించాను. గాలి నోటితోనే ఊదుతాను. కంప్రెసర్ దగ్గరికి కూడా రానివ్వకండి. 100 మి.మీ. నీటి ఒత్తిడి అంటే చదరపు మీటరుకు దాదాపు 100 కిలోల బరువు. పాత ప్లైవుడ్ అతుకులు అంతకు మించి తట్టుకుంటాయన్న నమ్మకం నాకు లేదు. ఇంకో సంగతి, మూసి ఉన్న ట్యాంకులో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, మట్టం 35 మి.మీ. దాకా మారిపోతుంది. కిటికీ ఎండ ట్యాంకు మీద పడుతుంటే వచ్చే అంకెలకు విలువ లేదు. అందుకే సాయంత్రం పూటే కొలుస్తున్నాను.

ముందు డ్రెయిన్ బిరడా మీద అనుమానం. కొత్త వాషర్, కాస్త వాజలీన్. తేడా లేదు. తర్వాత ఇన్‌స్పెక్షన్ మూత, అంటే ట్యాంకు లోపల చూడడానికి తెరిచేది. పేరులేని చవక మూత తీసేసి, పడవ సామాన్లు చేసే ఆర్‌డబ్ల్యూఓ కంపెనీ వాళ్లది వేశాను. నా దృష్టిలో మూతల దగ్గర డబ్బు మిగుల్చుకోకూడదు. 6 సెకన్లు ఉన్నది 11 అయింది, అంతే. ఆ తర్వాత బయటి అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు రాశాను. ఒక్క బుడగ లేదు! గాలి పోతోంది, కానీ బయటికి రావడం లేదు.

అప్పుడు వెనక ట్యాంకు డ్రెయిన్‌కు పల్చటి రబ్బరు గ్లౌజు తొడిగి ఎడమ ట్యాంకులో ఊదాను. గ్లౌజు వేళ్లు మెల్లగా లేచాయి. గట్టిగా అరిచేశాను, మా ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. గ్లౌజు తీసి ఆ రంధ్రానికి బిరడా బిగిస్తే 11 సెకన్లు 27 అయ్యాయి. అంటే గాలిలో ఎక్కువ భాగం మధ్య గోడ దాటి వెనక ట్యాంకులోకే పోతోంది.

ఆ మధ్య గోడ మూలలో చెయ్యి పెట్టగలిగినంత మేర పాత పాలిస్టర్ టేపును హీట్ గన్‌తో లేపి, గరుకు కాగితంతో రుద్ది, వెస్ట్ సిస్టమ్ ఎపాక్సీతో (105 రెసిన్, దాన్ని త్వరగా గట్టిపరిచే 205) ఫిల్లెట్, అంటే మూలను పూడ్చే గుండ్రటి పూత, పోశాను. చిక్కదనానికి 406 పొడి. గరాజ్‌లో 10 డిగ్రీలే, నెమ్మదిగా పనిచేసే 206తో గట్టిపడాలంటే 16 ఉండాలి, అందుకే 205. చెక్క మీద పాలిస్టర్ పట్టు ఎప్పటికైనా వదులుతుందని నా అభిప్రాయం, ఎపాక్సీకే నా ఓటు. అయినా నిన్న కొలిస్తే మళ్లీ అదే 11.

నా ఊహలు ఇవీ. మిర్రర్ పలకలను రాగి తీగలతో కుట్టి, పైన టేపు అతికిస్తారు. ఆ తీగ పక్కన, పాత టేపు కింద సన్నటి దారి మిగిలి ఉండొచ్చు. గాలి ఫిల్లెట్‌కు అవతల దూరి, గోడ కింద నుంచి పోతుంటే పైన ఎంత పోసినా లాభం లేదు. లేదా ప్లైవుడ్ మధ్య పొరలోనే ఖాళీ ఉండొచ్చు. నాణేంతో తట్టి చూస్తే గోడ అడుగు నుంచి 8 సెం.మీ. మేర డొల్లగా మోగుతోంది. నా అనుమానం తీగ దారి మీదే ఎక్కువ.

ఈ వారం ట్యాంకులోంచి గాలిని కొద్దిగా లాగుతూ, అంటే నోటితోనే, డొల్లగా మోగిన చోట అగరుబత్తి పొగ పెడతాను. పొగ ఎటు లాగితే అటే కన్నం. ఎసిటోన్ డబ్బా మాత్రం ముందే బయట పెట్టాలి. అదీ కుదరకపోతే వెనక ట్యాంకులో ఇంకో 100 మి.మీ. మూత కోసి, గోడకు అవతలి వైపు నుంచి టేపు మొత్తం పీకేస్తాను. కొత్త మూత అంటే కొత్త లీకుకు చోటు, అందుకే మనసు ఒప్పుకోవడం లేదు. ఈసారి రెసిన్ మాత్రం పొద్దుగూకే వేళే. ఉష్ణోగ్రత పెరుగుతున్నప్పుడు చెక్కలోని గాలి ఉబ్బి రెసిన్‌లో సూది రంధ్రాలు పెడుతుంది, తగ్గుతున్నప్పుడు ఆ బాధ ఉండదు.

ఈలోగా మాస్ట్ (తెరచాప స్తంభం) తాళ్లు మార్చాలి. ఒకే పొడుగు మాస్ట్ వేసుకొమ్మని కొందరు సలహా ఇస్తున్నారు, నాకు పొట్టి మాస్ట్‌కు పైన ఇంకో కర్ర జోడించే గంటర్ రిగ్గే ఇష్టం. కర్రలన్నీ పడవలోనే పట్టేస్తాయి. వెస్టన్ తీరంలో దింపాలని ఆలోచన. సౌతాంప్టన్‌లో పోటు చాలాసేపు నిలబడుతుంది కాబట్టి పాపతో హడావుడి పడక్కర్లేదు. మొదట మోకాలి లోతులోనే కావాలని బోల్తా కొట్టించి, పావుగంట ఆగి, ఒక్కో ట్యాంకులోంచి ఎన్ని నీళ్లు వస్తాయో కొలుస్తాను.