మోంతే సాంతాంజెలో: కొండెక్కడం సులువే, బస్సెక్కడమే గగనం

అమ్మ విజయవాడ నుంచి నా దగ్గరికి వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు తప్పకుండా వెళ్లే మనిషి, ఇటలీ దాకా వచ్చి మోంతే సాంతాంజెలో కొండ మీదున్న మిఖాయేలు అతిదూత (ప్రధాన దేవదూత) గుహ గుడి చూడకుండా ఊరుకుంటుందా? బొలోన్యా నుంచి ఫోజ్జా దాకా రైల్లో హాయిగా వచ్చేశాం.

అక్కణ్నుంచి కొండ మీదికి వెళ్లే బస్సుకు ముందే టికెట్ కొనుక్కోవాలి. స్టేషన్ దగ్గర ఒక కాఫీ బార్‌లో అమ్ముతారన్నారు. కౌంటర్లో ఆయన తలెత్తకుండానే "ఫినీతి" అన్నాడు, అయిపోయాయట. పక్కనున్న తబాక్కి (సిగరెట్లతో పాటు బస్సు టికెట్లూ అమ్మే) షాపు మధ్యాహ్నమని షట్టర్ దించేసింది. సరే, డబ్బు బస్సులోనే ఇద్దామని ఎక్కాం. డ్రైవరు నా మాట పూర్తి కానివ్వలేదు, తలుపు వైపు చెయ్యి చూపించాడు. మోకాళ్ల నొప్పితో అమ్మ కమ్మీ పట్టుకుని దిగుతుంటే లోపల కూర్చున్నవాళ్లంతా మా వంకే చూశారు. ఆమె దిగీ దిగగానే తలుపు మూసుకుంది.

మంచినీళ్ల కోసం మళ్లీ అదే బార్‌కి వెళ్లాం. ఇంతలో ఎవరో కాలేజీ అమ్మాయి వచ్చి ఊరి పేరు చెప్పగానే ఆ పెద్దమనిషి సొరుగు లాగి టికెట్ తీసిచ్చాడు! నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చిన ఇటాలియన్ అంతా ఆయన మీద కుమ్మరించాను. భాష పరీక్షలో కూడా అంత ధారాళంగా మాట్లాడలేదు. "పోనీలేవే, దేవుడి దగ్గరికి పోతూ గొడవలెందుకు" అని అమ్మ చెయ్యి లాగుతోంది. ఆయన కిక్కురుమనకుండా రానూ పోనూ నాలుగు టికెట్లు కౌంటర్ మీద పెట్టాడు. సారీ లేదు, పాడూ లేదు. మన మొహాలు చూసే అలా అన్నాడని నా నమ్మకం.

తర్వాతి బస్సులో మన్‌ఫ్రెదోనియా అనే ఊరు దాటాక ఒకటే మలుపులు. మోంతే సాంతాంజెలో దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంది, వెనక సముద్రం. అంత ఎక్కి మళ్లీ కిందికి దిగాలి, గుడి గుహలో ఉంది మరి. మెట్లు 86. కింద 1076లో కాన్‌స్టాంటినోపుల్‌లో పోతపోసిన కంచు తలుపులున్నాయి. ఈ గుహను అతిదూతే స్వయంగా ప్రతిష్ఠించాడని వాళ్ల నమ్మకం, అందుకే బిషప్పులెవరూ ప్రతిష్ఠ చెయ్యలేదట. గోడల మీద పాతకాలం యాత్రికులు తమ అరచేతుల ఆకారాలు చెక్కి వెళ్లారు. అమ్మ ఒకదాని మీద తన చెయ్యి ఆనించింది. వేళ్లు గీత దాటి బయటికొచ్చాయి. "ఎవరో చిన్నపిల్ల" అంది.

వెళ్లేవాళ్లు భుజాలు కప్పుకునే బట్టలు వేసుకోండి. సెప్టెంబరు 29 మిఖాయేలు పండగ, జనాన్ని తట్టుకోలేమనుకుంటే ఆ రోజు వద్దు. ఆదివారం బస్సుల్ని నమ్ముకోకండి. తేనె, బాదంపప్పు పెట్టిన ఓస్తియె అప్పచ్చులు మాత్రం వదలొద్దు. రిటర్న్ టికెట్ కూడా ఫోజ్జాలోనే కొనేయండి. లేవంటే వెంటనే నమ్మేయకండి, సొరుగు తియ్యమనండి.